మా అన్న బొటనవేలు కదిలింది

నాచారం ఫ్యాక్టరీలో లేత్ మిషన్ నడిపే మా అన్నకు పక్షవాతం వచ్చి మూడు నెలలైంది. ఈ రోజు ఉప్పల్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయితో, "ఎడమ చేతి కండ సచ్చిపోయింది, ఇడిసిపెట్టమ్మా" అన్నాడు.

"సావలేదన్నా. గుండె కండ, పేగుల కండ నువ్వు చెప్పకున్నా పని జేస్తయ్. చేతి కండకు నువ్వు చెప్పాలె. మెదడు మాట దానికి అందుతలేదంతే. జర మళ్ల చెప్పు."

అన్న పళ్లు బిగించాడు. చాలాసేపటికి బొటనవేలు కొంచెం కదిలింది.

వదిన ఏడుస్తూనే, "పెండ్లయినకాడి నుంచి నేను జెప్పింది ఒక్కసారన్న ఇన్నవా? నీకన్న గా వేలే నయం!" అంది.

అన్న ఇన్నాళ్లకు నవ్వాడు.

మీ ఇంట్లో ఇలా కోలుకున్నవాళ్లుంటే కింద రాయండి, అన్నకు చదివి వినిపిస్తాను. మా మాట వినకపోయినా మీ మాట వింటాడేమో!