తుంబలహళ్లి బడిలో ‘వద్దు’ అనడం నేర్పిన రోజు

తమిళనాట ధర్మపురి వెళ్లేవాళ్లు సాధారణంగా జలపాతం చూడటానికి వెళతారు. ఎనభైల చివర్లో నేను వెళ్లిన పని వేరు. అప్పట్లో బెంగళూరులో ఒక బడిలో టీచరుగా ఉండేదాన్ని. మా బడిలోనే ఒక పిల్ల, ట్యూషన్ మాస్టరు గురించి ఏదో చెప్పాలని ఏడాదిపాటు చూసింది. చెప్పబోయిన ప్రతిసారీ మేం "పెద్దవాళ్ల మీద అలా మాట్లాడకూడదు" అని నోరు మూయించాం. మూయించినవాళ్లలో నేనూ ఉన్నాను. అసలు సంగతి బయటపడ్డాక ఐదుగురం టీచర్లం సిగ్గుతో కూర్చుని మాట్లాడుకున్నాం. సెలవు రోజుల్లో ఊళ్లకి వెళ్లి, తమ ఒంటిని తాము ఎలా కాపాడుకోవాలో, ఎవరైనా హద్దు దాటితే ఏం చేయాలో పిల్లలకీ పెద్దలకీ చెబుదామని నిర్ణయించుకున్నాం. మేం రాసిన ఉత్తరాలకి జవాబుగా ధర్మపురి పక్క పాలక్కోడు దగ్గర తుంబలహళ్లి బడి నుంచి రమ్మని ఉత్తరం వచ్చింది. ఆ ఊళ్లో చాలా ఇళ్లలో తెలుగే మాట్లాడతారట. "తెలుగుదానివి నువ్వొక్కదానివే, నువ్వే పో" అన్నారు మావాళ్లు. మాది తెనాలి. తెలుగంటే తెలుగే కదా అనుకుని, నాలుగు రోజులు కూర్చుని గుండ్రటి అక్షరాలతో పన్నెండు చార్టులు రాశాను.

బెంగళూరు నుంచి హోసూరు, కృష్ణగిరి మీదుగా ధర్మపురికి బస్సులో నాలుగు గంటలు పట్టింది. టికెట్టు పదిహేను రూపాయల లోపే. బస్టాండు ఎదురుగా లాడ్జీలో పాతిక రూపాయలకి గది తీసుకుని, పొద్దున్న ఆరున్నరకి ఇడ్లీ తిని పాలక్కోడు బస్సెక్కాను. ముప్పావు గంట ప్రయాణం. పాలక్కోడులో తుంబలహళ్లి వైపు వెళ్లే టౌన్ బస్సు తొమ్మిదికి. అది మనుషుల కోసం వేసిన బస్సో, టమాటా బుట్టల కోసం వేసిన బస్సో చెప్పడం కష్టం. ఒళ్లో చార్టులు పెట్టుకుని, కాళ్ల కింద బుట్టలతో డ్రైవరు వెనక సీట్లో ఇరుక్కున్నాను.

"యాడికి మా?" అన్నాడు డ్రైవరు అద్దంలో చూస్తూ. అక్కడివాళ్ల ‘మా’ అంటే ‘అమ్మా’ అని.

"తుంబలహళ్లి అండి. బడి దగ్గర ఆపుతారా?"

"అండీనా! యా ఊరు మా మీది?"

"తెనాలి."

"అది యాడుండాది? మద్రాసుకి అవతలా?"

"చాలా అవతల."

"అయ్యో, అంత దూరం నుంచి మా పిల్లోళ్లకి ఏం నేర్పించను వచ్చినారు?"

టమాటా బుట్టల మధ్య, ముప్పై మంది చెవులు నా వైపే తిరిగి ఉండగా, ఆ విషయం ఎలా చెప్పను? "భద్రత" అన్నాను పొడిగా.

"సరి సరి, షాక్ కొట్టకుండా ఉండేదా? కరెంటు ఆఫీసు!" అని తలూపాడు. బడి రాగానే బస్సంతా వినబడేలా "కరెంటు ఆఫీసమ్మ దిగాల!" అని కేకేశాడు. దిగుతుంటే ఒక పెద్దాయన తన ఇంటి మీటరు సరిగ్గా తిరగడం లేదని నాతో చెప్పుకున్నాడు కూడా.

బడి ముందు హెడ్మాస్టరు గోవిందస్వామి గారు ఎదురుచూస్తున్నారు. ఆయనా ఆ ఊరి తెలుగు కుటుంబం మనిషే. ఆయన వెనక అరవై మంది పిల్లలు పొడుగు ప్రకారం వరుసలో నిలబడ్డారు. వాళ్ల ముందు గాలి నింపిన లారీ ట్యూబు ఒకటి, చుట్ట చుట్టిన మోకు ఒకటి.

"ఇదెందుకు సార్?"

"మీరే గదా పర్సనల్ సేఫ్టీ అని రాసినారు? మా ఊర్లో సేఫ్టీ అంటే ఒకటే మా. డ్యాములో పడకుండా ఉండేది."

ఊరి పక్కనే నీటిపారుదల ఆనకట్ట ఉంది. ఆయన పొరపాటు పడటంలో తప్పేమీ లేదు. పక్కకి పిలిచి అసలు విషయం చెప్పాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. మెడ తుడుచుకున్నారు. మళ్లీ ముఖం తుడుచుకున్నారు.

"అట్లాటివి టౌన్లలో నడుస్తాయి మా. మా ఊర్లో అంతా చుట్టాలే."

"చుట్టాల ముందే కదా సార్, పిల్లలు నోరు విప్పలేరు."

ఆయన ట్యూబుని దొర్లించి క్లాసు గది గుమ్మం పక్కన ఆనించారు. "వారం దినాలుగా ఊరంతా చెప్పి పెట్టినాను. ఇప్పుడు క్లాసు లేదంటే నా మర్యాద ఏమయ్యేది? సరి, నడపండి. అయితే సగం మాత్రం డ్యాము గురించి చెప్పల్ల."

సగం సగానికి బేరం కుదిరింది. ఈత రాకుండా నీళ్లలోకి దిగకూడదని పదిహేను నిమిషాలు చెప్పి నా చార్టు విప్పాను. ముందు వరుసలో గుసగుసలు మొదలయ్యాయి. కాసేపటికి ఒక పిల్ల నిలబడి, "టీచరమ్మా, ఇది జిలేబీనా?" అంది. అందరూ నవ్వారు. హెడ్మాస్టరు కూడా. "ఇంట్లో మాట్లాడేది తెలుగు మా. చదివేది రాసేది తమిళం. ఆ అక్షరాలు నాకూ రావు" అన్నారు. నాలుగు రోజుల కష్టం పన్నెండు జిలేబీలైంది. చార్టులు చుట్టి పక్కన పెట్టి, బోర్డు మీద బనియను, నిక్కరు వేసుకున్న బొమ్మ గీశాను. బనియను, నిక్కరు దాచే చోట్లు నీవి, డాక్టరు చూడాల్సి వస్తే అమ్మ పక్కన ఉండాలి, ఇంకెవరూ చెయ్యి వేయకూడదు అని చెప్పాను. వేస్తే మూడు పనులు: వద్దని గట్టిగా కేక వేయాలి, అక్కణ్ణుంచి పరిగెత్తాలి, నమ్మకమైన పెద్దవాళ్లకి చెప్పాలి. వాళ్లు నమ్మకపోతే ఇంకొకరికి చెప్పాలి.

మాటలతో ఆగకుండా చేసి చూపిద్దామన్నాను. మరి చెడ్డవాడి వేషం ఎవరు వేస్తారు? పిల్లలంతా ఒకేసారి హెడ్మాస్టరు వైపు చూశారు. ఆయన నిట్టూర్చి, జేబులోంచి కమ్మర్‌కట్టు బెల్లం బిళ్ల తీసి, ముందు వరుసలోని పిల్లాడి చెయ్యి పట్టుకుని, "రా అబ్బా, ఎవరికీ చెప్పకుండా వస్తే ఇది ఇస్తాను" అన్నారు. అరవై గొంతులు "వద్దూ!" అని అరిచాయి. హెడ్మాస్టరు మీద అరవడానికి అనుమతి దొరకడం ఆ బడి చరిత్రలో అదే మొదటిసారి కాబోలు. రెండో సూత్రం ప్రకారం అరవై మందీ పరిగెత్తారు. మూడో సూత్రం ప్రకారం చెప్పడానికి పెద్దమనిషి కావాలి కదా! బయట వంటపాకలో మధ్యాహ్న భోజనం వండే మునెమ్మ ఒక్కతే ఉంది. అరవై ఏళ్లు దాటిన మనిషి. పాఠం సంగతి తెలియని ఆమెకే అరవై మందీ వెళ్లి చెప్పేశారు.

ఆమె రావడం నాకిప్పటికీ కళ్లకి కట్టినట్టుంటుంది. చేతిలో సాంబారు కారుతున్న గరిటె, ముడి ఊడిన జుట్టు.

"రేయ్ గోవిందా! బిడ్డ చెయ్యి పట్టుకొని కమ్మర్‌కట్టు చూపిస్తావా?"

"మునెక్కా, నాటకం! అది నాటకం అక్కా!"

"ఏం నాటకం రా? ఇన్నేండ్లుగా నిన్ను మంచోడని అనుకొన్నాను గదరా!"

హెడ్మాస్టరు లారీ ట్యూబు ఎత్తి డాలులా అడ్డం పెట్టుకున్నారు. గరిటె దెబ్బ ట్యూబు మీద పడి ‘బోయ్’మని మోగింది. నేను మధ్యలో నిలబడి, మా అమ్మ మీద, నాన్న మీద, తెనాలి మీద ఒట్టు పెట్టాక గాని ఆమె గరిటె దించలేదు. "నాటకమైతే ముందే వంటింట్లో చెప్పల్ల గదా! సాంబారు మాడిపాయె" అని ఇద్దర్నీ తిట్టుకుంటూ వెళ్లింది. ఆ మధ్యాహ్నం పిల్లలు మాడు వాసన సాంబారే తిన్నారు, కానీ అంత సంతోషంగా తిన్న పిల్లల్ని నేనెక్కడా చూడలేదు.

నాకు మునెమ్మ వంటపాకలోనే రాగిముద్ద పెట్టింది. రెండున్నర బస్సుకి వెళ్లిపోదామని గబగబా తింటున్నాను. ఐదో తరగతి పిల్ల ఒకతి వచ్చి పొయ్యి పక్కన కూర్చుంది. ఆ అమ్మాయి పేరు ఇక్కడ రాయను. కాసేపు పుల్లలు విరిచింది. తర్వాత మెల్లగా అడిగింది.

"అవ్వా, సార్‌నే కొట్టను పోతివి గదా. మిల్లాయన్ని కూడా కొడతావా?"

మునెమ్మ కుండ దించి పక్కన పెట్టింది. "ఎందుకు పాపా?"

రాగులు ఆడించడానికి ఆ పిల్లే పిండిమిల్లుకి వెళ్లేదట. తూకం వేసే మనిషి తలుపు మూసి, చేతులు వేయకూడని చోట వేసేవాడట. నెల నుంచి మిల్లుకి పోనంటోంది. సోమరితనమని వాళ్లమ్మ రోజూ కొడుతోంది. ఇదంతా నేల చూస్తూనే చెప్పింది. నేను కంచం పక్కన పెట్టాను. ఏం మాట్లాడాలో బెంగళూరులో ఎన్నిసార్లో వల్లె వేసుకున్నాను, అవి వెతుక్కునేలోపే మునెమ్మే పిల్లని దగ్గరికి లాక్కుంది. "నువ్వేం చేసినావు? రాగులు మోసినావు. అంతే గదా. వాడు చేసిందానికి నువ్వెందుకు తల దించుకొనేది?" అంది.

రెండున్నర బస్సు వెళ్లిపోతున్న చప్పుడు వినబడింది. హెడ్మాస్టరు, మునెమ్మ కలిసి ముందు తల్లి దగ్గరికి, అటు నుంచి మిల్లుకి వెళ్లారు. నేను పిల్ల దగ్గరే ఉండిపోయాను. ఆ పిల్ల నా చార్టులు ఒక్కొక్కటే విప్పింది. "ఈ జిలేబీలో ఏం రాసినారక్కా?" అని అడిగింది. "తప్పు నీది కాదు అని." ఆ అక్షరాల మీద వేలుపెట్టి రెండుసార్లు దిద్దింది.

మిల్లు దగ్గర జరిగింది హెడ్మాస్టరు చెబితే విన్నాను. నెమ్మదిగా విచారిద్దామని ఆయన ఉద్దేశం. కానీ దారిపొడవునా మునెమ్మ "రండి, పని ఉండాది" అని పిలుస్తూ వెళ్లడంతో, అక్కడికి చేరేసరికి పదకొండు మంది ఆడవాళ్లు జమయ్యారు. మునెమ్మ తూకం మనిషిని ఒక్కటే అడిగింది: "పగటిపూట మిల్లు తలుపు ఎందుకు మూస్తావు?"

"ఆ పిల్ల అబద్ధం చెప్తా ఉండాది" అన్నాడు వాడు వెంటనే.

"యా పిల్ల? మేం పిల్ల మాటే ఎత్తలేదే!"

ఆడవాళ్లలో ఇద్దరు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, తమ ఇళ్లలో పిల్లలు కూడా ఈ మధ్య మిల్లుకి పోనంటున్నారని చెప్పారు. మిల్లు యజమాని వాణ్ణి అప్పుడే పనిలోంచి తీసేసి, సుత్తి తెచ్చి తూకం గది తలుపు ఊడదీశాడు. హెడ్మాస్టరు ఫిర్యాదు తన చేత్తోనే రాసి, పిల్ల తండ్రిని తీసుకుని సాయంత్రమే పోలీసు స్టేషనుకి వెళ్లారు. వెళ్లబోతూ నా దగ్గర ఆగి, "మా ఊర్లో అట్లాటిది లేదని చెప్తి గదా మా" అన్నారు. ఒకప్పుడు నేనూ అలాగే అన్నదాన్ని.

బస్సు తప్పింది కాబట్టి ఐదు గంటలకి పెద్దలకీ ఒక తరగతి పెట్టాను. పదిమంది వస్తే గొప్ప అనుకున్నాను. బడి నిండిపోయింది. పిల్ల చెబితే ముందు నమ్మాలి, తర్వాతే మిగతావి అడగాలి అన్నాను. ‘వద్దు’ అని అరిచే పాఠం తమకీ కావాలన్నారు ఆడవాళ్లు. ఒక తాత లేచి, "నాకు కూడా నేర్పించు మా. నా కోడలు దినమూ ఆముదం తాపిస్తా ఉండాది" అన్నాడు. ఆ నవ్వులు ఆగాక డెబ్బై దాటిన ఒక అవ్వ కర్ర పట్టుకుని లేచింది. "మీకు ఇప్పుడు దీంతో పనేముంది అవ్వా?" అని ఎవరో ఆటపట్టించారు. "చిన్నప్పుడు అరవలేదు. ఇప్పుడైనా అరుస్తాను" అంది. తర్వాత నిజంగానే అరిచింది. ఆనకట్ట మీద కొంగలు లేచిపోయాయి. ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి ఊళ్లోనే ఉండి, మర్నాడు పొద్దున బస్సెక్కాను. తర్వాత హెడ్మాస్టరు రాసిన ఉత్తరాల వల్ల తెలిసింది: పోలీసులు ఆ మనిషిని తీసుకెళ్లారు, వాడు మళ్లీ ఆ ఊరు రాలేదు. కేసు చివరికి ఏమైందో నాకు తెలియదు. తల్లి ఆ పిల్లని కొట్టడం మాత్రం మానేసిందట. ఆ పిల్ల నా పాఠం విని ధైర్యం తెచ్చుకుందని కొన్నాళ్లు గర్వపడ్డాను. ఇప్పుడలా అనుకోను. మూడు సూత్రాలు నేనే చెప్పాను, నిజమే. కానీ చెబితే ఎవరైనా కదులుతారా అన్నదే ఆ పిల్లకి కావలసింది. హెడ్మాస్టరంతటి మనిషి మీదికి కూడా ఒక ముసలావిడ వెనకాముందు చూడకుండా వస్తుందని ఆ పిల్ల కళ్లారా చూసింది.

ఇలాంటి పని మీద వెళ్లాలనుకునేవాళ్లకి ఒక్క మాట. ధర్మపురి నుంచి పాలక్కోడుకి ఇప్పుడు బస్సులకి కొదవలేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అయినా అలా రాకండి. ఒక రాత్రి అక్కడే ఉండేలా చూసుకుని, మర్నాడు పని పెట్టుకోకుండా ఖాళీగా ఉంచుకోండి. పాఠం వినే పిల్లలు గంట కొట్టగానే వస్తారు. చెప్పుకోవలసిన పిల్ల మాత్రం అందరూ వెళ్లిపోయాక వస్తుంది. అప్పటికి మీరింకా అక్కడ ఉండాలి.