జాజు గుర్తులు

పోయిన వారం జగిత్యాలలో మేం నాటకాలాడిన పాత హాలును కూలగొడుతున్నారని ఫోన్ వచ్చింది. వెనక గదిలో మా సామాను ఏదో ఉందట, కావాలంటే తీసుకుపొమ్మని, లేదంటే పాతసామాన్ల వాడికి వేస్తామని చెప్పారు. నా వయసు మనిషికి ఏదైనా తీసుకుపొమ్మని ఎవరైనా ఫోన్ చేయడమే అరుదు కాబట్టి వెంటనే ఆటో ఎక్కాను. గదిలో ఎలుకలు కొరికిన పరదాలు, కాలు విరిగిన సింహాసనం, అట్ట కిరీటం ఒకటి ఉన్నాయి. వాటన్నిటి వెనక, గోడకు ఆనించి, తలుపుతో సహా ఒక దర్వాజా ఉంది. పరదాలు ముట్టుకుంటే పొడిగా రాలుతున్నాయి. దర్వాజా మాత్రం నాలుగు మూలలా ఎక్కడా వంగకుండా, నిన్న బిగించినట్టే ఉంది. వెనక వైపు ఆకుపచ్చ రంగు పెచ్చులు లేచింది. గోరుతో గీకితే కింద జాజుతో, అంటే ఆ ఎర్రమట్టితో, వేసిన మూడో నంబరు కనబడింది. అక్కడ ఉంటుందని నాకు తెలుసు. గీకకుండా రావలసింది.

ఆ నంబరు వేసింది మా బావ, మా అక్క భర్త. కోరుట్లలో వడ్రంగం చేసేవాడు. మేమూ వడ్లవాళ్లమే గానీ, మా నాయిన నా చేతిలో బాడిశ పెట్టాలని చూస్తే నేను సుద్దముక్క పట్టుకుని బడిపంతులునయ్యాను. బడి అయ్యాక నాటకాల పిచ్చి. సెట్టింగులు బావే కట్టేవాడు. కలప విషయంలో ఆయనంత చాదస్తుణ్ని నేను చూడలేదు. పెళ్లికి పోతే పెళ్లికొడుకును చూడడు, ఆ ఇంటి దర్వాజాను వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి, ముక్కుతో వాసన పట్టి, భోజనాల దగ్గర దాని గుణగణాలే చెప్పేవాడు. మా అక్క సిగ్గుతో చచ్చిపోయేది.

అలాంటి మనిషి పరువు సిరిసిల్ల పోటీల్లో పోయింది. మా నాటకం చివర పెద్దన్న ఇల్లు వదిలి వెళ్తూ తలుపు మూయాలి, ఆ చప్పుడుతో తెర పడాలి. పెద్దన్న వేషం నాది. చేతిలో ఇంకేమీ లేక ఆ ఏడు బావ పచ్చి మామిడి చెక్కతో తలుపు చేశాడు, అది సిరిసిల్ల ఎండకు వంకరపోయింది. నేను మూడుసార్లు గుంజినా మూతపడలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక నేతపనాయన చాలా గౌరవంగా, "సారూ, జర నూనె పెట్టుండ్రి" అన్నాడు. హాలంతా నవ్వింది.  తిరిగొచ్చి లారీ దిగేటప్పుడు బావ, వచ్చే ఏడు ఆ తలుపు పడకపోతే చెక్కను నున్నచేసే రంద మళ్లీ పట్టనన్నాడు.

మంచి కలప ఎక్కడిది మరి? అవి నక్సలైట్ల కాలం. కట్టె కోసం అడవి పక్క ఊళ్లకు పోతే, అన్నలకు కబురు మోస్తున్నావా అని పోలీసులు, పోలీసులకు మోస్తున్నావా అని అన్నలు. నాటకంలో తలుపు కోసం వచ్చానంటే ఇద్దరూ నమ్మరు. సామిల్లులో కొత్త కట్టె దొరికినా తడి ఆరనిది. బావ లెక్క ప్రకారం ఏళ్ల తరబడి వంటపొగ తిన్న పాత ఇంటి టేకే ఇక వంకరపోదు. భూములున్నవాళ్లు ఒక్కొక్కరే ఊళ్లు వదిలి జగిత్యాల చేరుతున్న రోజులు కాబట్టి పాత ఇళ్లకు కరువు లేదు. అలా వచ్చి చేరిన ఒక పెద్ద పటేలు, బుగ్గారం అవతల తమ ఊళ్లో ఇంటి ముందు వసారా తన వాటాకే వచ్చిందని, దాని కలప అమ్ముతానని, పోయి చూసి రమ్మని బావకు చెప్పాడు. అదే ఇంటి వెనక గదుల్లో ఆయన తమ్ముడి కుటుంబం ఉండేది.

బావ సైకిల్ మీద పోయాడు. తమ్ముడింటి వాళ్లు పెగడపల్లిలో పెళ్లికి పోయారు, ఇంటికి తాళం. ఆయన స్తంభాలను కొట్టి చూశాడు, వాసన చూశాడు, ముచ్చటపడ్డాడు. నచ్చిన కట్టెను తరవాత ఎవరూ మార్చకుండా జాజుతో నంబరు వేయడం ఆయన అలవాటు. నాలుగు స్తంభాల మీద ఒకటి నుంచి నాలుగు దాకా, దర్వాజా పైకట్టె మీద అయిదు వేశాడు. చుట్టుపక్కల వాళ్లు తలుపు సందుల్లోంచి చూస్తూనే ఉన్నారట. కొత్త మనిషిని ఎవరని అడగడమూ భయమే ఆ రోజుల్లో. ఎవరూ అడగలేదు, ఈయనా చెప్పలేదు. మళ్లీ వచ్చి పట్టుకుపోతానని అనుకుని వచ్చేశాడు.

తరవాత ఆయనకు జ్వరం పట్టుకుని, చూసొచ్చినట్టు పెద్ద పటేలుకు కబురైనా అందకుండానే నెల గడిచింది. ఇంతలో కోరుట్ల సామిల్లుకు మంచి టేకు దిగిందని తెలిసి పోయి చూస్తే, వరసగా పేర్చిన అయిదు కట్టెల మీద తన నంబర్లే కనబడ్డాయి. ఎక్కడివని అడిగితే మిల్లాయన గొంతు తగ్గించి, పటేలు ఇంటికి అన్నలు గుర్తులు పెట్టారని, తమ్ముడి కుటుంబం పెళ్లి నుంచి వచ్చి వాటిని చూసి, ఆ సాయంత్రం ఆఖరి బస్సుకే ఒక ట్రంకుపెట్టెతో జగిత్యాల పోయిందని చెప్పాడు. ఇక కాపలా ఉండేవాళ్లు లేరని పెద్ద పటేలు వసారా విప్పి అమ్మేశాడు. వెనక గదులు ఇంకా నిలబడే ఉన్నాయి, వాటినీ కొద్దిరోజుల్లో విప్పిస్తాడట.

బావ ఆ అయిదు కట్టెలూ కొని, బండిమీద వేయించుకుని, ఇంటికి కూడా పోకుండా నేరుగా మా బడికి వచ్చాడు. నన్ను వేపచెట్టు కిందికి పిలిచాడు. చేతులకు ఇంకా కట్టె దుమ్ము ఉంది.

"నెంబర్లు నేనేసినయే, బామ్మర్దీ," అన్నాడు. "గా తమ్మునికి ఇయ్యాల్నే పోయి చెప్పాలె. ఎనుక అర్రలన్న నిలవడ్తయి. మల్ల ఇంటికి పోతరు."

ఆ మాట అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. నేను అన్నదీ గుర్తుంది. పోటీలు పది రోజుల్లో ఉన్నాయి. ఇప్పుడు చెప్తే పెద్ద పటేలు కట్టె వాపసు అడగవచ్చు, సంగతి పోలీసుల దాకా పోవచ్చు. నాకు తలుపు కనబడుతోంది, అది మూతపడే చప్పుడు వినబడుతోంది. ఆ చప్పుడు తప్ప మరొకటి వినే స్థితిలో లేను.

"నాటకం కానియ్యి బావా. పది రోజులల్ల ఏమైతది?" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. చదువుకున్నవాణ్ని కదా, నాకే ఎక్కువ తెలుసనుకున్నాడు పాపం. తల ఊపి పోయాడు. కట్టెను కోసి, రంద పట్టి సెట్టింగు కట్టాడు. దర్వాజా, తలుపూ కూడా దానితోనే చేశాడు. నంబర్లున్న ముఖాలను మాత్రం రంద పట్టలేదు. వాటిని జనానికి కనబడని వైపు తిప్పి, పైన రంగు పూశాడు. ఎందుకని నేను అడగలేదు.

సిరిసిల్లలో తలుపు ఒక్క గుంజుకు పడింది. అంత బాగా ఏ తలుపూ మూతపడగా నేను వినలేదు. సెట్టింగుకు బహుమతి ప్రకటిస్తే బావ వేదిక ఎక్కలేదు, ఆయన తరఫున నేనే అందుకున్నాను.

మరునాడు ఇద్దరం జగిత్యాల పోయాం. చిన్న పటేలు ఒక ఎరువుల దుకాణంలో సంచులు తూకం వేసే పనిలో కుదిరాడు. దుకాణం వెనక వీధిలో ఒక్క గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. ఆయన తల గొరిగించుకుని ఉన్నాడు. గోడ దగ్గర ముసలమ్మ ఫోటో, దాని ముందు దీపం ఉన్నాయి. తల్లి పోయి అయిదు రోజులైందట. బావ నిలబడే అంతా చెప్పాడు. 

"అయిదు నెంబర్లు. ఇంట్ల అయిదుగురం," అన్నాడు పటేలు. "మా అవ్వ ఒక్కొక్క గుంజ తడుముకుంట, గిండ్ల నాదేదిరా అన్నది. ఈడికొచ్చినంక గూడ మా ఇల్లు ఉన్నదా కూలిందా అని అడుగుడే. ఆరు దినాల కింద ఎనుక అర్రలు గూడ ఇప్పిండ్రని ఎవడో చెప్పిండు. గా తెల్లారే అవ్వ పోయింది."

బావ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. పటేలు ఆయన్ని లేపలేదు, తిట్టలేదు. నా వైపు తిరిగాడు.

"సారూ, గీ ముచ్చట మల్ల ఎక్కడ అనకుండ్రి. అన్నలకు భయపడి ఊరిడిసిండంటే నలుగురు అయ్యో అంటుండ్రు. వడ్లాయన గీతలకు భయపడి ఇడిసిండంటే..." అని దీపంలో నూనె పోశాడు.

మేం ఆ మాట నిలబెట్టాం. ఒప్పుకుంటే బరువు దిగుతుందని బావ అనుకుని ఉంటాడు, ఆ దారి కూడా అలా మూసుకుపోయింది. ఆయన మళ్లీ సెట్టింగు కట్టలేదు, జాజు ముట్టుకోలేదు. నన్ను ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండేది. ఇప్పుడు బావ లేడు, పటేలూ లేడు. ఈ సంగతి రాస్తే పోయేది నా పరువొక్కటే.

కూలివాళ్లు దర్వాజాను నిలబెట్టి పట్టుకుంటే తలుపును ఒకసారి గుంజి చూశాను. ఒక్క గుంజుకే, కిర్రుమనకుండా పడింది. మంచి కట్టె కదా సార్ అన్నాడొకడు. అవునన్నాను. నాటకానికి ఇంకా పది రోజులే ఉన్నాయని ఆనాడు నాకు ఎంత తొందరో. ఆ ఇంటికీ, ఆ ముసలమ్మకూ ఉన్నవి కూడా ఆ పది రోజులే.