స్వయంపాకం సారు

మా బావను కాలేజీలో అందరూ స్వయంపాకం సారు అంటారు. ఎదురుగా కాదు, ఆయన వరండా మలుపు తిరిగాక. ఆయన అక్కడి కంప్యూటర్ ల్యాబుకు ఇన్‌చార్జి. ల్యాబులో ఉన్నవన్నీ లినక్స్ మెషిన్లు. పెద్ద పెద్ద లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్ కావాలంటే లోకమంతా ఒక్క లైను టైపు చేసి, తయారుగా ఉన్న ప్యాకేజీని తెచ్చిపెట్టుకుంటుంది. మా బావకు అది నామోషీ. సోర్సు కోడ్, అంటే మనిషి రాసిన మూల ప్రోగ్రాం, తెచ్చుకుని మొదటి నుంచీ తనే కంపైల్ చేసి మెషిన్ భాషలోకి మారుస్తాడు. ఫ్యాన్లు రొద పెడుతుంటే, తెర మీద అక్షరాలు పరుగులు తీస్తుంటే, చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతాడు. నిజం చెప్పాలి, ఆ పని ఆయనకు బాగా వచ్చు. దాన్ని అడ్డం పెట్టుకుని మనుషుల్ని ఏడిపించడం ఇంకా బాగా వచ్చు.

ఒకసారి ఒక అమ్మాయి తన ప్రాజెక్టుకు తయారు ప్యాకేజీ పెట్టుకుందని అందరి ముందూ దాన్ని పీకించాడు. "హోటల్లో తిని వంటొచ్చంటావా? సోర్సు నుంచి మొదలుపెట్టు" అన్నాడట. ఇక ఆ పిల్లకు ఎర్రర్లే ఎర్రర్లు. మెషిన్ ఒక లైబ్రరీ, అంటే మిగతా ప్రోగ్రాములు వాడుకునే కోడ్ మూట, లేదంటుంది, అది తెస్తే కంపైలర్ పాతదంటుంది. ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే ఈయన పక్క కుర్చీలో కూర్చుని టీ తాగాడు. ఈ సంగతి మాకు చెప్పింది ఎవరో కాదు, ఆయనే. భోజనాల దగ్గర, నవ్వుతూ.

ఇంత పొగరుకూ ఒక ఆధారం ఉంది. మాట్రిక్స్ లెక్కలు చేసే ఒక లైబ్రరీలో ఎప్పుడో చిన్న తప్పు పట్టుకుని, సరిచేసి పంపాడు. వాళ్ళు తీసుకున్నారు. ఆ లైబ్రరీతో పాటు వచ్చే కృతజ్ఞతల పేజీలో అట్టడుగున ఆయన పేరుంటుంది. ఇంటికొచ్చిన మనిషి కుర్చీలో సర్దుకోకముందే ఆ పేజీ తెరిచి, కిందికి, ఇంకా కిందికి జరిపి, పేరు మీద వేలు పెడతాడు. చూపు మందగించిన మా అమ్మనూ వదల్లేదు.

"కనబడిందా అత్తయ్యా?"

"కనబడింది బాబూ" అంది అమ్మ. ఆవిడ చూస్తున్నది గోడ వైపు.

మా అక్క నీటి సరఫరా ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగి. ఏ వాల్వు ఎంత తిప్పితే ఏ వీధికి ఎంత ఒత్తిడితో నీళ్ళు వెళతాయో లెక్కగట్టే ప్రోగ్రాం ఒకటి రాసింది. అది బావ గొప్పగా చెప్పుకునే ఆ లైబ్రరీ మీదే నడుస్తుంది. దాన్ని ఆఫీసు పెద్దల కమిటీ ముందు నడిపి చూపిస్తే ఉద్యోగం పర్మనెంటు. చూపించలేకపోతే ఆ నెలాఖరుతో ఇంటికి. ఏళ్ళ తరబడి పొడిగింపుల కోసం ఎదురుచూసి బతికిన మనిషి, ఆ ఒక్క పూట మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది. లినక్స్‌ను, తన ప్రోగ్రాంను కలిపి ఒక చిన్న డిస్కులో పెట్టుకుంది. ఇంట్లో అయితే ఇంటి కంప్యూటరుకు, ఆఫీసులో అయితే అక్కడి కంప్యూటరుకు ఆ డిస్కు తగిలించి పని చేసుకునేది. అందులో ఉన్నది తయారు ప్యాకేజీయే. రెండుచోట్లా నిక్షేపంగా నడిచేది.

కమిటీకి ముందురోజు ఆదివారం. ఆ రెండు రోజులూ నేను అక్కా బావల ఇంట్లోనే ఉన్నాను. బావ కాఫీ గ్లాసుతో వచ్చి అక్క భుజం మీదుగా తొంగి చూశాడు.

"నా పెళ్ళాం దగ్గర తయారు సరుకా? రేపు నలుగురిలో నా పరువేం కావాలి?"

"నడుస్తోందండీ. రేపటి పని అయిపోయాక మీ ఇష్టం. ఇప్పుడు కదపొద్దు."

"నడవడం వేరు, పరుగెత్తడం వేరు. లే."

అక్క లేచింది. అక్క ఎప్పుడూ లేస్తుంది. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

బావ ఆ ప్యాకేజీని తీసేశాడు. చెత్తెందుకని దాని ఆనవాలు కూడా లేకుండా తుడిచేశాడు. తర్వాత తన లైబ్రరీని సోర్సు నుంచి కంపైల్ చేస్తూ ఒక ఆప్షన్ ఇచ్చాడు. ఎదురుగా ఉన్న ప్రాసెసరుకు ఏమేం తెలుసో అవన్నీ వాడుకొమ్మని దానర్థం. ఇంటి కంప్యూటర్ కొత్తగా కొన్నది. కొలతలు తీసి కుట్టిన చొక్కా అన్నమాట, ఆ ఒంటికి బ్రహ్మాండంగా పట్టింది. సాయంత్రానికి అక్క ప్రోగ్రాం అంతకుముందు పట్టే సమయంలో సగానికే పని ముగించింది. అక్క మొహం కూడా వెలిగింది, అది నేను కాదనను.

ఆఫీసులో ఉన్నది ముసలి మెషిన్. మర్నాడు కమిటీ ముందు అక్క డిస్కు తగిలించి, ప్రోగ్రాం పేరు టైపు చేసి ఎంటర్ నొక్కింది. తెర మీద వచ్చింది ఒకే ముక్క: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్. నాకు తెలియని పని నాకు చెప్పారు అని ఆ పాత ప్రాసెసర్ మొర. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ఆ ఆఫీసులో బయటి నెట్ రాదు కాబట్టి పాత ప్యాకేజీని వెనక్కి తెచ్చుకునే దారి లేదు. అక్క వరండాలోకి వచ్చి ఇంటికి ఫోన్ చేసింది. కాలేజీకి సెలవులు, బావ ఇంట్లోనే ఉన్నాడు. ఫోన్ స్పీకర్‌లో పెట్టి గోళ్ళు తీసుకుంటున్నాడు.

"ఏవండీ, ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటోంది."

బావ చెయ్యి ఆగింది. తను ఇచ్చిన ఆప్షన్ ఆయనకు వెంటనే గుర్తొచ్చింది, మొహంలోనే తెలిసిపోయింది.

"ఆ మెషిన్ ఏ కాలం నాటిది?"

"నాకేం తెలుసండీ. లోపల అందరూ కూర్చుని ఉన్నారు. ఏం చెయ్యమంటారు?"

"ఆ డొక్కును మార్చమను. నేను కంపైల్ చేసినదాంట్లో తప్పేం లేదు."

"మీరొక్కసారి వచ్చి ఆ మాటే వాళ్ళతో చెప్పండి. కాలేజీ ల్యాబ్ ఇన్‌చార్జి చెప్తే ఒక పూట ఆగుతారు."

"నాకు క్లాసుంది" అని ఫోన్ పెట్టేశాడు.

"సెలవుల్లో క్లాసేంటి బావా? వెళ్ళండి. అక్క బతుకు అది" అన్నాను.

"నీకు తెలియని విషయాల్లో వేలు పెట్టకు" అని రెండో చెయ్యి మొదలుపెట్టాడు.

సాయంత్రం అక్క వచ్చి, చెప్పులైనా విప్పకుండా కంప్యూటర్ ముందున్న కుర్చీలో కూలబడింది. నెలాఖరు దాకా వచ్చి, ఆ తర్వాత రానక్కర్లేదన్నారట.

"ముందురోజు ఎవరైనా కెలుకుతారా అని అడిగారు" అంది. "ఎవరు చేశారిది అని కూడా అడిగారు."

బావ మొహం పాలిపోయింది. పొద్దుట్నుంచీ ఆ మనిషి కంగారుపడింది అప్పుడే. "నా పేరు చెప్పావా?"

"లేదండీ. నేనే చేశానన్నాను."

ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకుని వదిలాడు. "మంచి పని చేశావు. నలుగురికీ తెలిస్తే బాగోదు."

నా చేతిలోని నీళ్ళ గ్లాసు ఆయన మొహాన కొట్టాలనిపించింది. అక్కకని తెచ్చిన నీళ్ళు, అక్కకే ఇచ్చాను. ఆమె సగం తాగి బల్ల మీద పెట్టింది.

బావ కాసేపు అటూ ఇటూ తిరిగాడు. తర్వాత అక్క సంచిలోంచి డిస్కు తనే తీసి, కంప్యూటరుకు తగిలించాడు.

"నీకిక దీంతో పనిలేదు కదా. ఫార్మాట్ చేసి, ఉన్నదంతా తుడిచి నా బ్యాకప్ పెట్టుకుంటాను" అన్నాడు. "లే."

అక్క లేచింది.