అత్త అప్పగించిన భరిణె

నల్లమందు అంటే ఇప్పటి పిల్లలు ఏదో పాపం పేరు విన్నట్టు మొహం పెడతారు. మా కాలంలో అది ఇంట్లో పసుపూ ఇంగువా ఉన్నట్టే ఉండేది. సర్కారు వేలంలో పాడుకున్నవాడు కొట్టు తెరిచి అమ్మేవాడు. పొలం పోయే తల్లి పసిబిడ్డ నాలుకకి ఇంత రాసి, ఉయ్యాల్లో పడుకోబెట్టి కలుపుకి పోయేది. తప్పని ఎవరికీ తోచలేదు. తోచినా, బిడ్డని చంకనేసుకుని రోజంతా కలుపు తీయడం ఎవరివల్ల అవుతుంది? నేనేమీ వెనకేసుకు రావడం లేదు, ఉన్న మాట చెబుతున్నాను.

నేను కాపురానికి వచ్చింది యుద్ధం రోజుల్లో, గురజాలకి నాలుగైదు మైళ్ల దూరంలో ఉన్న ఊరికి. మా ఆయన మాచర్ల రైలు కట్ట మీద గ్యాంగు కూలీ. పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తే గొప్ప. ఇంట్లో అత్త, మామ, నేను. మామది నాపరాళ్ల గనిలో పని. ముప్పై ఏళ్లు గునపంతో రాతి పొరలు లేపి లేపి ఆయన నడుము ఒక పక్కకి వంగిపోయింది. పొద్దు వాలేసరికి అరుగు మీద కూలబడి, నొప్పికి పళ్లు కొరుక్కుంటూ, పైకి మాత్రం వేళాకోళాలు ఆడుతూ ఉండేవాడు. అప్పుడు అత్త లోపలినుంచి ఒక ఉండ తెచ్చి చేతిలో పెట్టేది. కందిగింజంత నల్లమందు ఉండ, చేదు తెలియకుండా పాత బెల్లంలో పొర్లించింది. మజ్జిగతో గుటుక్కున మింగేవాడు. కాసేపటికి మొహం మీది ముడతలు సర్దుకునేవి. ఆ నొప్పి చూసినవాళ్లెవరూ ఆ ఉండని తిట్టలేరు.

నాకు మా నాన్న గుర్తులేడు. అందుకేనేమో, మామంటే నాకు భయం కంటే ఇష్టం ఎక్కువ. నేను వచ్చిన వారానికే ఆయన గని నుంచి ఒక రాతి పలక భుజాన మోసుకొచ్చి, దొడ్లో రాళ్లు పేర్చి నా నడుము ఎత్తున నిలబెట్టాడు. నన్ను పిలవకుండా గోడకి చెప్పినట్టు చెప్పాడు. "వంగి వంగి ఉతికితే ఈ నడుమే వస్తది. నిలబడి ఉతుక్కోమని చెప్పు." కోడలితో మామ ఎదురుగా మాట్లాడని రోజులవి. నేనూ తలుపు చాటునుంచే పలికేదాన్ని. ఆయన పేరు పలకడమా? అమ్మో! ఆ పేరున్న మనిషి ఊళ్లో ఇంకొకడు ఉంటే, వాణ్ణి కూడా "ఆ చివరింటి ఆయన" అనేదాన్ని.

కల్లు సంగతి కూడా చెప్పాలి. గనిలో పెద్ద పలక చిట్లకుండా నిండుగా లేచిన రోజున మేస్త్రీ పనోళ్లందరికీ తాటికల్లు పోయించేవాడు. అది అక్కడి ఆనవాయితీ. మామ అంతకు ముందు క్రిస్మస్‌కే మా క్రైస్తవుల గుళ్లో అందరి ముందూ ఇక తాగనని ఒట్టు పెట్టుకున్నాడు. కానీ పలక లేచిన రోజున తాగనన్నవాడి చేతికి రాయి ఇక లొంగదని గనిలో ఒక నమ్మకం. ఒట్టు గుళ్లో, రాయి గనిలో. ఆయన రెండిటికీ మధ్య నలిగి, తాగొచ్చి, ఒక మూల కూర్చునేవాడు. అత్త ఆ రోజున కూడా లోపలికి పోయి ఉండ తెచ్చి ఇచ్చేది. నేను కాపురానికి వచ్చిన మూడు నెలల్లో రెండుసార్లు నా కళ్లతో చూశాను. ఇది గుర్తుపెట్టుకోండి, నా తప్పంతా ఇక్కడే ఉంది.

ఎండాకాలంలో ఆడబిడ్డ పురుటికి అత్త నకరికల్లు వెళ్లాల్సి వచ్చింది. వెళ్లే ముందు ఇత్తడి భరిణె తీసి నా చేతిలో పెట్టింది.

"రోజుకొక్కటే. పొద్దు వాలినాక, మజ్జిగతో. రెండోది అడుగుతాడు, ఇయ్యమాక. ఏడ్చినా ఇయ్యమాక. ఇంటన్నావా?"

"ఇంటన్నా అత్తా."

ఇంకో మాట ఏదో చెప్పబోయింది. అరుగు మీద కూర్చున్న మామ వంక చూసింది. "సరేలే, నాలుగు రోజుల్లో రానా ఏంది" అని బండెక్కింది. నాలుగు రోజులు పది రోజులయ్యాయి.

భరిణె నా చేతికి వచ్చాక నాకు కాస్త గర్వం కూడా వచ్చిందని ఒప్పుకుంటాను. ఇంటి తాళాలు ఇచ్చినట్టే అనిపించింది. రోజూ వేళ తప్పకుండా ఉండా మజ్జిగా గడప దగ్గర పెట్టి పక్కకి తప్పుకునేదాన్ని. మామ రెండోది ఒక్కసారి కూడా అడగలేదు.

పదో రోజున మధ్యాహ్నమే ఇంటికి వచ్చాడు. పెద్ద పలక లేచిందని మొహమే చెబుతోంది. వాసనా చెబుతోంది. చేతిలో మిగులు కల్లు లొట్టి కూడా ఉంది. ఎండకి ముదిరిన కల్లు, నురగ పొంగుతోంది. ఒళ్లంతా రాతిపిండి, ఆ పొద్దు నడుము మరీ పట్టేసినట్టుంది, గోడ పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆ ఉండేదో ఇప్పుడే ఇయ్యరాదూ" అన్నాడు నేలవంక చూస్తూ.

ఇచ్చాను. అత్త ఇవ్వడం చూశాను కదా! పైగా నాకొక తెలివి ఉండేది, మా అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. నల్లమందు వేడి, కల్లు చలువ. ఒకటి రెచ్చగొడితే ఒకటి చల్లారుస్తుంది. అన్నంలోకి మజ్జిగలాగా. అందుకే కాసేపయ్యాక ఆయన ఒళ్లు గోక్కుంటూ, చెమటలు కారుతూ "ఇంకో ముంత పొయ్యి తల్లీ, ఎండ" అంటే, మందు వేడి చేసిందనుకుని లొట్టి వంచి నేనే నిండుగా పోశాను.

మామ నిద్రపోయాడు. గురక మొదలైంది. పెద్ద గురక, మధ్యలో గొంతులో నీళ్లు కదిలినట్టు ఒక చప్పుడు. పాపం, ఇన్నాళ్లకి నొప్పి తెలియకుండా పడుకున్నాడని నేను ఎంత సంతోషించానో! అరుగెక్కిన కోడిని తరిమాను. చప్పుడవుతుందని జొన్నలు చెరగడం కూడా ఆపి, చేట ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆ గురక వింటూ కూర్చున్నాను, దేవుడా.

పక్క దొడ్లో జట్కా సాయిబు తాత గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. గోడ మీదినుంచి తల పెట్టాడు.

"ఏందమ్మా ఆ గురక?"

"మామ పడుకున్నాడు తాతా."

"గురక్కీ గురక్కీ మధ్య అంత సేపు ఏందే?"

గోడ దూకి వచ్చాడు, ఆ వయసులో. మామ భుజం పట్టి కుదిపాడు. లేవలేదు. కనురెప్ప ఎత్తి చూసి నన్నూ చూడమన్నాడు. కంటి మధ్య నలుపు ఆవగింజంత అయిపోయి ఉంది. పెదాలు నేరేడు పండు తిన్నట్టున్నాయి.

"ఇది నిద్ర గాదు తల్లీ. బండి కడతన్నా. పక్కకి తిప్పి పట్టుకో, వాంతి గొంతుకి అడ్డం పడుద్ది."

జట్కాలో మామ తల నా ఒళ్లో ఉంది. ముట్టుకోకూడని మామ! గుర్రం గురజాల దారి పట్టింది. ఊపిరి వస్తోంది, ఆగుతోంది. ఆగినప్పుడల్లా నా ఊపిరీ ఆగుతోంది. "మామా! మామా!" అని అరుస్తున్నాను. పలుకు లేదు.

"మామా అంటే సగం ఊరు పలుకుద్ది" అని తాత ముందునుంచి కేకేశాడు. "పేరు పెట్టి పిలువు! సొంత పేరైతే ప్రాణానికి ఇనపడుద్ది. చెంప మీద కొట్టు!"

"నేనా? మామ పేరా?"

"ఆ పాపం నా నెత్తినేసుకుంటా, పిలువే!"

పిలిచాను. మొదటిసారి నాకే వినపడనంత మెల్లగా. రెండోసారి దారినపోయే వాళ్లు ఆగి చూశారు. ఆపైన లెక్కలేదు. పేరు పెట్టి అరవడం, చెంప మీద కొట్టడం, ఛాతీ మీద గుద్దడం. గట్టిగా పిలిచినప్పుడల్లా ఒక ఊపిరి ఎగబీల్చేవాడు. ఆపితే ఆగిపోయేది. అలా ఒక్కో ఊపిరికి ఒక్కో కేక చొప్పున నాలుగైదు మైళ్లు. ఈ కాగితం మీద ఆ పేరు రాయడం లేదంటే చాదస్తం అనుకోకండి. ఒక జన్మకి సరిపడా ఆ రోజే పిలిచేశాను.

ఆసుపత్రిలో డాక్టరు కళ్లు చూసిన వెంటనే "నల్లమందా?" అన్నాడు.

"అవునయ్యా. రోజూ వేసుకునేదే, ఒక్కటే."

"రోజూ వేసుకునేదానికి ఇట్లా కాదే. తాగాడా?"

అక్కడే, మంచాల మధ్య, మా గుడి పాస్టరు అయ్యగారి భార్య నిలబడి ఉంది. రోగుల్ని పలకరించడానికి వచ్చినట్టుంది. క్రిస్మస్ నాడు మామ ఒట్టు పెట్టుకున్నప్పుడు చప్పట్లు కొట్టినావిడ. ఒట్టు తప్పాడని తెలిస్తే గుళ్లో పేరు కొట్టేస్తారు, అత్త తలెత్తుకోలేదు. "లేదయ్యా" అనే మాట నా నోటిదాకా వచ్చింది. నిజం చెబుతున్నాను, వచ్చింది. ఒళ్లో ఉన్న తలకాయ బరువు ఇంకా నా తొడల మీద ఉన్నట్టే ఉంది. అదే నా నోరు మార్చింది.

"తాగాడయ్యా. గని కాడ ఎంత తాగాడో తెలవదు. ఇంటికాడ ఒక ముంత నేనే పోశా. చలవ చేస్తదనుకున్నా."

డాక్టరు తిట్టలేదు. "రెండూ మత్తేనమ్మా. దేనికది అలవాటే అయినా, రెండూ ఒకటైతే ఊపిరి తీసుకోవడమే మర్చిపోతాడు" అని పనిలో పడ్డాడు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. సూది వేశారు. తర్వాత ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిపించారు. కూర్చోనివ్వకుండా, కునుకు పడనివ్వకుండా. అయ్యగారి భార్య మామ వెంట నడుస్తూ తన విసనకర్రతో విసురుతూనే ఉంది. ఆవిణ్ణి గురించి నేను ఎంత తప్పుగా అనుకున్నానో అప్పుడు తెలిసి సిగ్గుపడ్డాను.

దీపాలు పెట్టే వేళకి మామ కళ్లు తెరిచాడు. చెంపలు తడుముకుని, "ఎవరే నన్ను పేరు పెట్టి పిలిచింది?" అన్నాడు. నేను ఏడుస్తూ స్తంభం చాటుకి పారిపోయాను.

మర్నాడు అత్త వచ్చింది. నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వరండా మెట్ల మీద నా పక్కన కూలబడింది.

"నీ తప్పు గాదే. చెప్పకుండా పోయా. తాగొచ్చిన రోజున నేను ఆ ఉండ ఇయ్యను. ఒకసారి అట్టాగే ఇచ్చి, చచ్చి బతికాడు. అప్పట్నించి ఇంకో భరిణె పెట్టా. దాంట్లోది వట్టి బెల్లం ఉండ. పైకి రెండూ ఒకటే. నమ్మి మింగుతాడు, నిద్రపోతాడు. మీ మామకి చెప్పమాక, తెలిస్తే నేనిచ్చేది ఇంకెప్పుడూ నమ్మడు."

ఇల్లు చేరాం. రెండు రోజులు గడిచాక అత్త నీళ్లకి పోయిన సమయంలో మామ గోడకి చెప్పడం మానేసి, మొదటిసారి నన్నే చూసి మాట్లాడాడు.

"నువ్వు ఏడవమాక తల్లీ. తప్పు నాది. తాగిన రోజున మీ అత్త ఇచ్చేది బెల్లమేనని నాకు చానా ఏళ్ల నుంచీ తెలుసు. మందు పడితే నడుము చెప్పదా ఏంది? నా మేలుకే గదా అని ఊరుకున్నా. నీకూ చెప్పి పోయిందనుకున్నా. బెల్లమైనా సరే, ఉండ మింగందే నాకు కునుకు పట్టదు, అందుకే అడిగా. ఆ రోజు నువ్విచ్చింది బెల్లమే అనుకుని మింగా. బెల్లమే గదా అని ఇంకో ముంత అడిగా. మీ అత్తకి మాత్రం చెప్పమాక, బాధపడుద్ది."

అంతే, నాకు ఒళ్లు మండిపోయింది. ఒకరికి తెలియదని ఒకరు, ఒకరు బాధపడతారని ఒకరు! మధ్యలో ఏమీ తెలియని నా చేతిలో భరిణె! అత్త బిందె దించీ దించకముందే రెండు భరిణెలూ తెచ్చి ఇద్దరి మధ్యా నేలకేసి కొట్టాను.

"మీకు ఒకరి మీద ఒకరికున్న ప్రేమ తగలెయ్య! ఇద్దరూ నోరు మూసుకుని నా చేత మనిషిని చంపించబోయారు గదా! ఇక ఈ ఇంట్లో ఏదైనా సరే, పైకి చెప్పి చెయ్యాలి. తాగితే తాగానని చెప్పాలి. బెల్లమైతే బెల్లమని చెప్పాలి!"

మామ ముందు తలుపు చాటు లేకుండా నేను మాట్లాడిన మొదటి మాటలవి. మాటలా అవి! అత్త మామ వంక చూసింది. "నీకు తెలుసా?" అంది. ఆయన తల ఊపాడు. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. అది నవ్వో ఏడుపో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన ఆ తర్వాత పన్నెండేళ్లు బతికాడు. రాతిపిండి ఊపిరితిత్తుల్లో చేరి పోయాడు, మందు వల్ల కాదు. తాగుడు పూర్తిగా మానాడని అబద్ధం చెప్పను. కానీ పలక లేచిన రోజున వీధి మొదట్లోనే కేకేసేవాడు. "అమ్మాయ్! తాగొస్తన్నా!" వీధి వీధంతా నవ్వేది. అయ్యగారి భార్యకి కూడా వినపడే ఉంటుంది. నాకు మాత్రం ఆ కేక వింటే ప్రాణం లేచొచ్చేది. అత్త లోపలికి పోయి రెండో భరిణె తీసి, ఒక ఉండ ఆయన చేతిలో పెట్టేది.

"బెల్లమే. మింగు."

"తెలుసులేవే" అనేవాడు. నొప్పికి పళ్లు కొరుక్కుంటూనే మింగేవాడు. అత్త పక్కన కూర్చుని, ఆయనకి నిద్ర పట్టేదాకా నడుము పట్టేది.