మైనం బట్టకు కాపలా

కరెంటు వచ్చాక కొవ్వొత్తి ఆర్పితే, ఆ వాసనకు కృష్ణానగర్‌లోని మా అద్దె గది గుర్తొస్తుంది.

అమ్మ సినిమాల్లో జూనియర్ ఆర్టిస్టు. ఇంటి దగ్గర డ్రెస్సుల కోసం బాతిక్ బట్టలు తయారుచేసేది. కరిగించిన మైనంతో బట్ట మీద పువ్వులు గీసి, తర్వాత రంగులో ముంచేది.

షూటింగ్ ఉన్న రోజు మైనం పూసిన బట్టను నేల మీద పరిచి, "గీడ్నే కూసో బిడ్డా. ముడతపడితే మైనం పగుల్తది. తలుపు తియ్యకు, గాలికి ఎగుర్తది" అని చెప్పి వెళ్లేది. బయట పిల్లలు తొక్కుడుబిళ్ల ఆడుతుంటే, ఆ అరుపులు వింటూ ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

ఒకరోజు నిద్రలో ఆ బట్ట మీదికే దొర్లాను. లేచేసరికి పువ్వులన్నీ పగిలి ఉన్నాయి. అమ్మ వచ్చేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

ముఖాన మేకప్‌తోనే వచ్చిన అమ్మ నవ్వింది. "గింత దానికే ఏడుస్తవా, పిచ్చిదానా? పగుళ్లలకు రంగు దిగాలె, గప్పుడే అందం" అంటూ బట్టంతా రెండు చేతులతో నలిపి నీలం రంగులో ముంచింది.

"మరి నన్నెందుకు కాపలా పెట్టినవ్?" అన్నాను.

అమ్మ వంగి, బట్టను రంగులో మరోసారి తిప్పింది.

ఎన్నో ఏళ్ల తర్వాత, నా కూతుర్ని మొదటిసారి ఇంట్లో ఒంటరిగా వదిలి పనికి వెళ్తూ, దాని ముందు చేటెడు బియ్యం పోసి రాళ్లు ఏరమన్నాను. ఆ బియ్యంలో రాళ్లు లేవు. ముందురోజే ఏరేశాను.