ఇసుకకెక్కిన ఓడ

మా ఆయన త్రినాథరావు ఈ ఏడాది వేసవిలో పోయారు. భిలాయిలో ఆయన్ని ఎరిగినవాళ్ళకి ఆయన క్రేన్ ఆపరేటర్. ఉక్కు కర్మాగారం రోలింగ్ మిల్లులో పైన క్యాబిన్‌లో కూర్చుని, టన్నుల కొద్దీ ఇనుప దిమ్మెల్ని ఒకచోట ఎత్తి ఇంకోచోట దించడం ఉద్యోగం. కింద ఎవరైనా బిగిసిన మోకుకి సూటిగా నిలబడితే బరువు కదిపేవారు కాదు. వాళ్ళు తప్పుకునేదాకా హారన్ కొడుతూ కూర్చునేవారు. "సాబ్‌కా ముహూర్తం నహీ ఆయా" అని, దొరగారికి ఇంకా ముహూర్తం రాలేదని కిందివాళ్ళు ఎకసెక్కాలాడేవారు.

ప్లాంటుకి రాకముందు ఆయన నౌకాదళంలో ఉండేవారు. ఆ రోజుల గురించి అడిగితే "చేశాను, వదిలేశాను" అనేసి పేపరు అందుకునేవారు.

ఆయనది కళింగపట్నం దగ్గర సముద్రపొడ్డు పల్లె. డెబ్భై ఒకటి యుద్ధంలో ఆయనెక్కిన చిన్న ఓడ బంగాళాఖాతం అవతలి ఒడ్డున, ఒక నది కలిసే చోట, పొగమంచులో ఇసుక దిబ్బకెక్కింది. ఇంకో ఓడ వచ్చి లాగింది. ఇనుప మోకు తెగింది. రెండో మోకు కట్టారు, అదీ తెగింది. ఆ దెబ్బకి రాజాబాబు అనే కుర్రవాడు పోయాడు. అతనిదీ మా ఆయన పల్లే. ఆటు వచ్చి నీళ్ళు తీశాక ఓడ పక్కకి ఒరిగి అడుగు చీలింది. శత్రువు చేతికి చిక్కకుండా మనవాళ్ళే దాన్ని పేల్చేసి వచ్చేశారు. జరిగింది అంతే.

పల్లెలో మాత్రం ఓడకి శత్రువు ఫిరంగి గుండు తగిలిందని చెప్పుకున్నారు. చెప్పింది రాజాబాబు తండ్రే. నేను విజయనగరం దాన్ని, సముద్రం సంగతులు నాకు తెలియవు. పెళ్ళయ్యాక మా ఆయనే వివరించారు. తుపానులో పడవ పోతే పల్లె పల్లెంతా ఏడుస్తుందట. ఇసుకకెక్కి పోతే, ఎక్కించినవాడి మనవల్ని కూడా వెక్కిరిస్తారట. కొడుకు అలాంటి ఓడలో పోయాడని చెప్పుకోలేక ఆ ముసలాయన గుండు తగిలిందన్నాడు. సెలవు మీద వెళ్ళిన మా ఆయన ఊఁ కొట్టారు.

రాజాబాబు అక్క అచ్చమ్మ. ప్లాంటులో పనిచేసే ఆయన్ని చేసుకుని భిలాయి వచ్చింది, ఇక్కడే కోహ్కా పేటలో ఉంటుంది. నేవీ వదిలిన మా ఆయన్ని ఇక్కడికి పిలిపించింది ఆవిడే. క్వార్టరు దొరికేదాకా వాళ్ళింట్లోనే ఆయన భోజనం. తమ్ముడి పేరెత్తినప్పుడల్లా "గుండు తగిలి పోనాడు నా తమ్ముడు" అనేది. మా ఆయన తల దించుకుని తినేవారు.

రెండేళ్ళ కిందట డిసెంబరులో, ఇక్కడి ఖుర్సీపార్ పేట తెలుగువాళ్ళు ఆయనకి సన్మానం చేస్తామన్నారు. సంఘం కార్యదర్శి సతీష్‌కుమార్ చిన్న కాంట్రాక్టరు, ఇక్కడే పుట్టినవాడు. ఫ్లెక్సీ నమూనా ఫోన్‌లో చూపించాడు. శత్రు గుండ్లకు ఎదురొడ్డిన వీరుడు అని ఉంది.

"గుండ్లెక్కడివి బాబూ? మేం ఇసకలో దిగబడ్డాం" అన్నారు మా ఆయన.

"అరే అంకుల్, థోడా మసాలా తో చలేగా. కాస్త కలిపితే ఏం పోయింది? ఇసకలో దిగబడ్డ వీరుడు అని రాస్తే ఎవరొస్తారు చెప్పండి?" అని నవ్వాడు సతీష్. "అచ్చమ్మ అమ్మమ్మని కూడా స్టేజీ ఎక్కిస్తున్నాం. తమ్ముడి ఫోటో తెస్తానంది."

ఆ మాటకి మా ఆయన నవ్వు పోయింది. వారం రోజులు ఏం తిన్నా సహించలేదు. ఆవిడకి ఎనభై దాటాయి, ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తారని నేనన్నాను.

"ఇన్నాళ్ళూ ఆవిడ అంది, నేను ఊరుకున్నాను. ఆ ఫోటో ముందు ఆ మాట నా నోటితో ఎలాగనేది సీతా? నిజం చెప్తే ఆవిడ మళ్ళీ నా మొహం చూస్తాదా?" అన్నారు.

సన్మానం రోజున శాలువా కప్పి మైకు చేతికిచ్చారు. పక్క కుర్చీలో అచ్చమ్మ, ఒళ్ళో ఫోటో. మా ఆయన ఆవిడ వైపే తిరిగి మాట్లాడారు. మంచు, దిబ్బ, మోకు, ఒక్కోటీ చెప్పారు. శత్రువు మాకు కనపడనేలేదన్నారు. మొదటి మోకు తెగాక రెండోది కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే రాజాబాబే వెళ్ళాడని, అదీ తెగి వచ్చి ఛాతీ మీద కొట్టిందని చెప్పారు.

సతీష్ మైకు అందుకోబోయాడు. అచ్చమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అయితే గుండు తగల్నేదా?"

"నేదప్పా."

"సేతులూ కాళ్ళూ?"

"అన్నీ ఉన్నాయప్పా. మొహమ్మీద గీత కూడా పడ్నేదు. నేనే నీళ్ళోసి కడిగేను. కొత్త కాన్వాసు గుడ్డలో కుట్టి, లోతు నీళ్ళలోకెళ్ళేక సముద్రానికిచ్చేం."

ఆవిడ ఒళ్ళో ఫోటోని చీరకొంగుతో తుడిచింది. హాల్లో వెనక వరసలవాళ్ళు టిఫిను పొట్లాల కోసం లేస్తున్నారు.

"ముక్కలైపోనాడనుకున్నాన్రా తిరనాదా" అంది. "ఇన్నాళ్ళూ తద్దినం నాడు ఆడికి ఆకెయ్యనేదు. నోరే మిగల్నోడికి ఏటి పెడతాను? నువ్వు మా ఇంట్లో కూకుని తిన్నావు గదా, ఒక్కసారి సెప్పలేకపోనావా ఎదవా!"

మా ఆయన శాలువా మొహానికడ్డం పెట్టుకున్నారు. సతీష్ ఏం చెయ్యాలో తోచక జాతీయగీతం పెట్టించేశాడు. అందరం లేచి నిలబడ్డాం. ఆవిడ లేవలేకపోతే మా ఆయన రెక్క పట్టుకుని లేపారు.

ఆ నెలలోనే రాజాబాబు తిథి. మమ్మల్ని రమ్మని అచ్చమ్మ కబురు పెట్టింది. వైజాగ్ నుంచి ఐసులో వచ్చిన చేప కొని, చింతపండు పులుసు పెట్టింది. ఫోటో ముందు ఆకు వేసి, ముందు అక్కడ వడ్డించింది. చేప తలకాయ ఆ ఆకులోనే పడింది. మా ఆయన ఆకులో తోక ముక్క వేసింది.

"ఆడికి తలకాయంటే పేణం" అంది. "నీకు ఇదే సాలు. తిను."

ఆ రోజు ఆయన రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు.