రత్తమ్మక్క ఆడిన అబద్ధం

నెల్లూరులో మా ఇంట్లో నీళ్ళ క్యాను తిప్పి పెట్టినప్పుడల్లా బుడబుడమని చప్పుడవుతుంది. గ్లాసు నోట పెట్టుకుంటే ఏ రుచీ తగలదు. అప్పుడే నాకు రత్తమ్మక్క మీద బెంగ పుడుతుంది. ఆమె తోడి పోసిన నీళ్ళు ఒక్క గుక్కెడు దొరికితే బాగుండుననిపిస్తుంది.

కోట అనే ఊరి దగ్గర సముద్రపు ఒడ్డు పల్లెలో, రొయ్యల చెరువుల కంపెనీలో నీళ్ళు పరీక్ష చేయడం నా మొదటి ఉద్యోగం. నా అద్దె గదికి పక్కిల్లు రత్తమ్మక్కది. భర్త వేటకు పోతే ఆమె చేపలు అమ్మేది. నేను చేరిన వారానికే ఇసుక దిబ్బల్లోకి తీసుకుపోయి చెలమ చూపించింది. ఇసుకలో తవ్విన మోకాటి లోతు గుంట అది. సముద్రం అంత దగ్గరున్నా అందులో ఊరే నీళ్ళు తియ్యగా ఉండేవి. నా బిందె నిండగానే లేవబోతే చెయ్యి పట్టి కూర్చోబెట్టింది. వెనక వచ్చినామెకు మొదటి చిప్పెడు నీళ్ళు మనమే తోడి పోసి లేవాలట. చదువుకున్నదానివి, ఇది కూడా తెలీదా అని దారంతా ఆటపట్టించింది.

రెండేళ్ళకు చెలమ ఉప్పగా మారింది. ఊరంతా నీళ్ళు కొనుక్కోవలసి వచ్చింది. చేపల మీద వచ్చేది చాలక రత్తమ్మక్క మా కంపెనీ షెడ్డులో రొయ్యలు ఒలిచే పనికి కుదిరింది. ఐసులో నాని వేళ్ళ చర్మం ఊడిపోయేది. ఒక సాయంత్రం ఆ వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ అంది.

"చెలమ బాగుండుంటే నేను మీ షెడ్డుకు వచ్చేదాన్నా పాపా? మేం ఇట్లుంటేనే గదా మీ సారుకు కూలోళ్ళు దొరికేది."

ఇంత డబ్బు తిరిగే చోట లేమి ఎందుకు తీరదో, తీరకపోతే ఎవరికి లాభమో నాకు ఏ పుస్తకమూ ఇంత సూటిగా చెప్పలేదు. ఆ లాభంలో నా జీతమూ ఉంది. చెలమ నీళ్ళు పరీక్ష చేసింది నేనే. మా చెరువుల ఉప్పే దిగిందని తేలింది. మేనేజరు ఆ కాగితం తీసుకుని ఎవరికీ చెప్పొద్దన్నాడు. నేను చెప్పలేదు.

తర్వాత మా కంపెనీ యజమాని ఊరికి ఉచితంగా నీళ్ళ ప్లాంటు కట్టించాడు. ప్రారంభం నాడు ఊరి తరఫున నాలుగు మంచి మాటలు చెప్పమని రత్తమ్మక్కను ఒప్పించింది కూడా నేనే. ఆమె మైకు పట్టుకుని, మా చెలమ ఎందుకు పాడైందో ముందు చెప్పమని ఆయన్నే అడిగింది. ఆయన నవ్వి, పరీక్షలు చేసే అమ్మాయి ఇక్కడే ఉంది, ఆమెనే అడుగుదామన్నాడు. అందరూ నా వైపు తిరిగారు.

"చెప్పు పాపా" అంది రత్తమ్మక్క.

మా ఇంట్లో నలుగురు నా జీతం మీద బతుకుతున్నారు. నేను ప్లాంటు కుళాయి వైపు తల తిప్పుకున్నాను. ఆమె నన్ను కాసేపు చూసి మళ్ళీ మైకు అందుకుంది.

"ఎండలకు అట్లా అయుంటాయిలే సార్. నీళ్ళిచ్చినారు, సంతోషం."

చప్పట్లు కొట్టారు. సాయంత్రం వాళ్ళింటికి పోయి, ఎందుకక్కా అట్లా అన్నావు అని అడిగాను.

"నీ ఉద్యోగం పోతే నువ్వూ నా పక్కన కూర్చోని రొయ్యలు ఒలవాల్సిందే. ఆ పనికి నేనొకదాన్ని చాల్లే."

ఆమె పోయి మూడేళ్ళయింది. ఎవరికి ఆమె గురించి చెప్పినా ఆ మాటకు నేను ఏడ్చానని చెబుతాను. ఏడ్చిన మాట నిజమే. కానీ ఏడుపు కంటే ముందు, ఉద్యోగం నిలిచిందని నా గుండె కుదుటపడింది. అది మాత్రం ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.